కొత్త బండికి జొరం

రేణిగుంట రోడ్డులో మా షెడ్డు.
లారీ బాడీలు కట్టే చేతుల్తో
మొదటిసారి ఒక ఇల్లు కట్టినా,
రెండు చక్రాల మీద:
మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, చాటంత కిటికీ.

కొనింది జ్ఞానసుందరమ్మ,
చిత్తూరు పెద్దాసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు నర్సు.
పాత జీపుకు తగిలించుకోని తనే తోలుకోని పోయినాది.
కొక్కెం పడిన చప్పుడు విని
"సరిగ్గా కూర్చుందా?" అనింది.
"కూర్చుందమ్మా" అని, మళ్లీ ఒకసారి తన్ని చూసినా.

మొదటి ఫోను చంద్రగిరి దాటకముందే.
"మునిశేఖరా, మోటారు తిరగతా ఉంది, కుళాయిలో నీళ్లు లేవు.
పొడి దగ్గు. కళ్లె పడటంలా."
ట్యాంకులో నీళ్లుండాయా అంటే
"అంత తెలీకుండా ఫోను చేస్తానా?"
వడపోత గిన్నె పక్కన క్లిప్పు వదులు,
అక్కడ గాలి మింగతా ఉంటాది, బిగించమన్నా.
స్క్రూడ్రైవరు జారిన శబ్దం,
ఒక చిన్న తిట్టు,
బొకబొకబొక, ఆమీట ధార.
"గాలి పొయ్యింది" అనింది,
పాప తేన్చితే తల్లి అన్నట్టు.

రెండోది మొగిలి ఘాటు ఎక్కినాక.
"కుడి చక్రం బాగానే ఉంది. ఎడమదానికి నూటమూడు."
ఎట్ల చూసినావమ్మా?
"ఎట్ల చూస్తారు, చేతి వెనక పక్క పెట్టి."
నేను ఇన్నేళ్లూ అరచెయ్యి పెట్టి కాల్చుకున్నోణ్ని.

బేరింగు నట్టు. బిగించింది నేనే.
కొత్త బండి, వదులుంటే మాటొస్తాదని
ఒక చుట్టు జాస్తి తిప్పినా.
చల్లారనిచ్చి, మూత తీసి, పిన్ను లాగి,
నట్టు రోంత వెనక్కి.
చేత్తో తిప్పితే తిరగాల, ఊపితే ఊగకూడదు.
పలమనేరు పంక్చరు షాపు పిల్లోడు చేసినాడంట.
వాడి వేలు నలిగితే ఈమె కట్టు కట్టినాదంట,
ఇద్దరికీ లెక్క చెల్లు.

మూడోది చెప్పాలంటే సిగ్గు.
బ్రేకు తొక్కితే ఇండికేటరు వెలుగుతాది,
ఇండికేటరు వేస్తే లోపల దీపం మినుక్కుమంటాది.
బల్బులు మార్చమన్నా. ఫ్యూజులు చూడమన్నా.
రాత్రి పది దాటి, దుప్పటి కప్పుకోబోతా ఉంటే తట్టింది:
ఎర్తు వైరు పెయింటు మీద బిగించినా.
రంగు మీద బిగిస్తే భూమి అందదు.
అప్పుడే ఫోను చేసినా. తప్పు నాదమ్మా, అన్నా.
అవతల కొంచేపు మాట లేదు.
"డాక్టర్లు ఒకరన్నా ఈ మాట చెప్పింది లేదు నాయనా."
ఉప్పుకాగితంతో గీకి బిగించినాదంట,
టార్చి నోట కరుచుకోని.

తలకోనలో వాన. పరుపు తడి.
మంచం మీది కప్పు చూడమన్నా.
"అక్కడుండదు" అనింది.
"పిత్తాశయం చెడితే భుజం నొస్తాది.
నొప్పి ఒకచోట, రోగం ఇంకోచోట."
వంట మూలలో, బయటి దీపం స్క్రూ చుట్టూ
వేలితో తడిమి తనే పట్టుకునింది.
నేను ఊఁ కొట్టినా, అంతే.

ఒక్క కిర్రు మాత్రం దొరకలా.
గాలున్నా లేకపోయినా
రాత్రి రెండింటికి, ఒకే ఒక్కసారి.
చెక్కా, ఇనుమా, తలుపు కీలా,
అన్నిటికీ నూనె పోయించినా.
"వొదిలేయ్.
వార్డులో ఒక మంచం ఇట్లే అరిచేది.
ఏదో చూద్దామని పోతే గమ్మునుండేది."

పది రోజులుగా ఫోను లేదు.
షెడ్డులో రెండో బండి చట్రం నిలబెట్టినాం.
ఎర్తు పెట్టే చోట రంగు గీకినా,
ఇనుము తెల్లగా తేలేదాకా.
ఖాళీ చక్రం తిప్పి,
చేతి వెనక పక్క ఆనించి చూస్తా ఉంటే
మా కుర్రోడు చెంగల్రాయుడు పళ్లికిలిస్తాడు:
"ఇంకా రోడ్డే ఎక్కలేదు కదన్నా,
జొరం ఎట్లొస్తాది?"